కట్ట మీద కందీలు

ఇగో బిడ్డా, ఆ ఎండిన కొబ్బరి మట్ట ఇటు ఎయ్యి. మంట జర లేవనియ్యి. చిన్నోడా, చెవులకు రుమాలు కట్టుకో, పుష్యమాసం చలి చెవులనుంచే జొర్రుతది. కూసోండ్రి అందరు. వానకాలం పోయి చలి పడ్డంక వాన ముచ్చటేంది తాతా అంటరేమో. వాన ముచ్చట వాన లేనప్పుడే చెప్పుకోవాలె. మా నాయిన చెరువు కట్టకు మన్ను పోసేది గూడ ఎండకాలంలనే. నీళ్లు నిండినంక పార పట్టుకుంటే ఏం లాభం?

మా నాయిన సరూర్‌నగర్ చెరువు కింద నీరటి. ఆ మాట మీకు తెల్వది. ఇప్పుడు మీరు మెట్రో ఎక్కి పోతరే, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, ఆ దిక్కున నా చిన్నతనంల వరి మడులు ఉండె. కుతుబ్‌షాహీల నాటి చెరువు, దాని కింద పొలాలు. ఏ మడికి ఎంత నీళ్లు ఇడవాలె, తూము ఎప్పుడు ఎత్తాలె, ఎప్పుడు దించాలె, అదంతా నీరటి చేతిల ఉంటది. కోతలైనంక రైతులు కల్లం కాడ ఇన్ని వడ్లు కొలిచి పెట్టేటోళ్లు, అదే ఆయన జీతం.

నీరటికి పొలం పారిచ్చుడు పగటి పని. అసలు పని రాత్రి ఉంటది. గట్టి వాన కొడ్తుంటే ఊరంత ఇంట్ల పండుకుంటది, నీరటి మాత్రం గొంగడి కొప్పెర ఏసుకొని, కందీలు పట్టుకొని కట్ట మీద తిరగాలె. నేను ఏడెనిమిదేండ్ల పోరన్ని, ఒక్కసారి ఏడ్చి ఆయన ఎంబడి పోయిన. కట్ట మీద ఒంగి ఒంగి నడుస్తుండె. ఎందుకు నాయినా అంటే, బుంగ పడ్డదేమో చూస్తున్న అన్నడు. ఎలుక బొక్క, ఎండ్రకాయ బొక్క ఉంటే దాంట్లకెళ్లి నీళ్లు సన్నగ ఊరుతయి. తేటగ ఊరితే పెద్ద భయం లేదు. బురద రంగు నీళ్లు వస్తే లోపల మన్ను కోసుకపోతున్నట్టు. చేతివేలంత బొక్క పొద్దుగాల్ల వరకు బండి పట్టేంత గండి అయితది.

కట్ట కాడ నీళ్లల్ల ఒక కట్టె నాటి ఉండె. దానికి జానెడు జానెడుకు సున్నపు గీతలు. కందీలు ఎత్తి గీత చూసేది, ఒక చుట్టు తిరిగొచ్చి మల్ల చూసేది. నీళ్లు ఎంతున్నయన్నది ఒక లెక్క, ఎంత జల్ది ఎక్కుతున్నయన్నది ఇంకో లెక్క. రెండోదే పెద్ద లెక్క అనేటోడు. గీతలు జల్ది జల్ది మునుగుతున్నయంటే మత్తడి దుంకకముందే కిందికి ఉరికి, మత్తడి కాల్వ పక్కపొంటి గుడిసెల తలుపులు కొట్టేది. "లెవ్వుండ్రి, నీళ్లొస్తున్నయి" అని ఒర్రేది. ఒక్క గుడిసె ఇడిసిపెట్టేటోడు కాదు. పగోని ఇల్లైనా సరే, తలుపు కొట్టాల్సిందే. నీరటి ధర్మం అది. దీన్ని యాది పెట్టుకోండ్రి, మల్ల దీని కాడికే వస్త.

మా నాయినమ్మ తుగ్యానీ ముచ్చట చెప్పేది. 1908 సెప్టెంబర్ 28 నాడు మూసీ పొంగిన పొంగును పట్నంల తుగ్యానీ అంటరు. అప్పటికి ఆమెకు పన్నెండేండ్లు. హస్త కార్తె. ఆకాశం ఓటువడ్డ కుండ తీరు కారిందట. రాత్రి మొదలైన వరద తెల్లారేసరికి అఫ్జల్‌గంజ్ దిక్కు ఇండ్లను ఊడ్చుకపోయింది. పదిహేను వేల మంది దాక పోయిండ్రని లెక్క. అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు పోయినయి, పురానాపూల్ ఒక్కటి నిలవడ్డది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ అదే వరదల తల్లిని, భార్యను, బిడ్డను పోగొట్టుకొని తానొక్కడు మిగిలిండు. దవాఖాన కాడి చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాక బతికిండ్రు. ఆ చెట్టు ఉస్మానియా దవాఖానల ఇప్పటికి ఉన్నది. ఒకసారి తోలుకపోయి చూపిస్త, దండం పెట్టుకొని వద్దురు.

మరి అంత నీళ్లు ఒక్కసారి యాడికెల్లి వచ్చినయి? నిజాం మహబూబ్ అలీఖాన్ సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే, ఆయన లెక్క తీసిండు. పట్నానికి పైన మూసీల కలిసే చెరువులు 788 ఉంటే, వాటిల 221 తెగినయి. మీది చెరువు తెగి కింది చెరువుల పడ్డది, ఆ చెరువు తెగి దాని కింది దాంట్ల పడ్డది. ఆయన చెప్పిన ఉపాయంతోనే 1920ల ఉస్మాన్‌సాగర్ తయారైంది, అదే మన గండిపేట. 1927ల హిమాయత్‌సాగర్. అవి పట్నానికి పడమర ఉండి మూసీని ఆపుతయి. మన దిక్కు వాన మన మీదనే పడ్తది గద. మీర్‌పేట్, కర్మన్‌ఘాట్, బైరామల్‌గూడ మీద పడ్డ నీళ్లకు గండిపేట ఏం చేస్తది? వాటి తొవ్వ సరూర్‌నగర్ చెరువు దిక్కే, ఆ నుంచి మూసీకే.

ఇంకో ముచ్చట గమనించుండ్రి. తుగ్యానీ వచ్చింది హస్త కార్తెల. 2000 సంవత్సరంల బేగంపేట కాడ ఒక్క దినంల 24 సెంటీమీటర్లు పడ్డది ఆగస్టు 24 నాడు, మఖ కార్తె. మొన్న 2020 వరద అక్టోబర్ 13 నాడు, చిత్త కార్తె. మృగశిర వానలకు మునిగినమా? అప్పుడు భూమి దూప మీద ఉంటది, చెరువులు ఖాళీగుంటయి, పడ్డదంత తాగుతయి. చెరువులు నిండి, భూమి నాని, నాలాలు పారుతున్నప్పుడు పడే వాననే ముంచుతది. ఇగ వానకాలం అయిపోయింది, గొడుగు మీద పెడదాం అని మనం అనుకునే దినాలల్లనే సముద్రంల వాయుగుండం లేస్తది.

మన గల్లీ చివర ఉండే మాస్టారు మీకు ఎరికే గద, దివిసీమ ఆయన. 1977 నవంబర్ 19 నాటి ఉప్పెన చూసినోడు. సముద్రం మూడు నిలువుల ఎత్తు లేచి ఊర్ల మీద పడ్డది. పదివేల మందికి తక్కువ కాకుండ పోయిండ్రు. ఆయన ఎప్పుడు చెప్పినా ఒక్క మాట కాడ ఆగుతడు. "గాలిని చూశాం అన్నయ్యా, తుపాను గాలి మాకు కొత్త కాదు. నీళ్లొస్తాయని మాకు చెప్పినవాళ్లు లేరు. చెప్పుంటే మా పిన్ని వాళ్లు మేడ ఎక్కేవాళ్లు, మేడ పక్కనే ఉంది" అంటడు. అవతల 2013ల ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు ఒడిశా, ఆంధ్ర తీరంల లక్షల మందిని ముందుగాలనే కదిలిచ్చిండ్రు. అంత పెద్ద గాలికి గూడ పోయిన ప్రాణాలు పదులల్లనే. సముద్రం మారలే, గాలి మారలే. ముందుగాల చెప్పినోడు ఉండె, ఇన్నోళ్లు ఉండ్రి. నీళ్లొస్తున్నయని తలుపు కొట్టే మనిషి ఉంటే ఎంత ఫరక్ పడ్తదో చూడుండ్రి.

ఇగ 2020 ముచ్చట. మీల కొందరికి యాది ఉంటది, చిన్నోడు అప్పటికి పుట్టలే. కరోనా దినాలు, దసరా ముంగట. అక్టోబర్ 13 పొద్దుగాల కాకినాడ దగ్గర వాయుగుండం తీరం దాటిందని టీవీల చెప్పిండ్రు. కాకినాడ ఏడ, మనమేడ అనుకున్నరు అందరు. నీళ్ల మూట నెత్తిన పెట్టుకొని అది పడమరకు నడిచొచ్చింది. ఘట్‌కేసర్ కాడ 32 సెంటీమీటర్లు, హయత్‌నగర్ కాడ దగ్గర దగ్గర 30 పడ్డది.

సెంటీమీటర్లంటే మీకు స్కేలు మీది గీతలే కనవడ్తయి. నేను ఇంకో లెక్క చెప్త. రెండు వందల గజాల జాగ మీద 30 సెంటీమీటర్ల వాన పడ్తే 50 వేల లీటర్లు. ఎండకాలంల మన గల్లీకి వచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పది. ఒక్క ఇంటి మీద పది ట్యాంకర్లు! గల్లీకి నలభై ఇండ్లు ఉంటే నాలుగు వందల ట్యాంకర్లు, ఒక్క దినంల. ఎనకట మడులు ఉన్నప్పుడు సగం భూమి తాగేది. ఇప్పుడు ఈ గోడ నుంచి ఆ గోడ దాక సిమెంటే. ఆ నీళ్లన్ని ఒక్క నాలాకు ఉరకాల్సిందే.

ఆ దినం పొద్దుగూకినంక నేను కుర్చీల కూసున్న. కింది పోర్షన్ కోడలుపిల్ల వచ్చి, "తాతయ్యా, బాత్రూంల జాలి కాడ గుడగుడ సప్పుడు అయితుంది" అన్నది. పోయి చూసిన. జాలిల నుంచి బుడగలు లేస్తున్నయి, నల్లటి నీళ్లు మీదికి తంతున్నయి. వాకిట్ల ఇంకా చీలమండ నీళ్లు గూడ లెవ్వు. కని నాకు మా నాయిన చెప్పిన బురద ఊట యాదికొచ్చింది. బయట నాలా నిండి డ్రైనేజీ ఎనకకు తంతుందన్నట్టు. వరద వాకిట్లకు వస్తదని అందరు తలుపుదిక్కే చూస్తరు, అది ముందుగాల బాత్రూంల నుంచే వస్తది. ఇసుక సంచులు రెండు ఆ జాలి మీద, లెట్రిన్ మీద పెట్టిచ్చిన.

వాచ్‌మెన్‌ను పిలిచి మెయిన్ స్విచ్చు బంద్ చేయించిన. నీళ్లు ఇంకా దాని దగ్గరికి రాలేదు, వాచ్‌మెన్ పొడి మెట్టు మీద, కాళ్లకు చెప్పులేసుకొని నిలవడి ఉండె. అప్పుడే చెయ్యాలె ఆ పని. నీళ్లల్ల నిలవడి స్విచ్చు ముట్టుకుంటే వరద కంటె ముందుగాల కరెంటే పానం తీస్తది. కింది ఇంట్ల బాలింత ఉండె, పసిపిల్లను ఎత్తుకొని రెండో అంతస్తుకు పోయింది. పెద్దమనుషుల బీపీ గోళీలు, షుగర్ గోళీలు, ఇండ్ల కాయిదాలు, ఆధార్ కార్డులు ప్లాస్టిక్ కవర్లల్ల మూతిగట్టి మీదికి పంపినం. బిందెలు, బకీట్లు అన్ని మంచినీళ్లతోటి నింపిపెట్టినం. సంపుల మురికి కలిస్తే మల్ల మూడు దినాల దాక తాగే చుక్క దొరకది.

ఒకాయన సెల్లార్లకు దిగవోయిండు, కారు బయటికి తీస్తనని. కొత్త కారు, ఇంకా కిస్తీలు కడ్తున్నడు. నేను మెట్లకు అడ్డం కూసున్న. "నన్ను దాటి పోవాలంటే నా మీదికెల్లి పో కొడుకా" అన్న. కోపానికొచ్చిండు, ఏందేందో అన్నడు. అరగంటల సెల్లార్ కప్పు దాక నిండింది. సెల్లార్ బాయి లెక్క, ర్యాంపు నుంచి నీళ్లు దుంకితే తలుపు తెరుసుడు గూడ కాదు. తెల్లారినంక వచ్చి నా పక్కపొంటి కూసున్నడు. ఏం మాట్లాడలే, నా చెయ్యి పట్టుకున్నడు.

మీ అమ్మమ్మ సుద్దముక్క తెచ్చిచ్చింది. టార్చిలైటు పట్టుకొని మెట్ల గోడ మీద గీతలు కొట్టుకుంట కూసున్న. పదిహేను నిమిషాలకు ఒక గీత, పక్కన టైము. ఎనిమిదిన్నరకు మొదటి మెట్టు, తొమ్మిదింబావుకు రెండో మెట్టు, పదింటికి నాలుగో మెట్టు. గీతల నడుమ ఎడం పెరిగినకొద్దీ నా గుండె కొట్టుకుడు పెరిగింది. పన్నెండు దాటినంక ఎడం తగ్గింది, రెండింటికి నీళ్లు గీత కాడ నిలవడ్డయి. నాయిన కట్ట మీద కందీలు ఎత్తి పట్టుకున్నట్టే అనిపిచ్చింది నాకు.

చెరువును ఆనుకొని ఉన్న కోదండరామ్ నగర్, సీసల బస్తీ మునిగినయి. మూసారాంబాగ్ వంతెన మీదికెల్లి మూసీ పారింది. అటు గగన్‌పహాడ్ అప్పచెరువు తెగి జాతీయ రహదారి మీది బండ్లను ఈడ్చుకపోయింది. నాలుగు దినాలకు మల్ల వాన కొడ్తే బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడ్డది. మీది చెరువు తెగితే కిందోనికి కష్టం. తుగ్యానీ ఎనక విశ్వేశ్వరయ్య రాసింది అదే గద.

ఇగ నా కడుపుల ఉన్న ముచ్చట చెప్త, ఇనుండ్రి. ఆ రాత్రి మేం మా అపార్ట్‌మెంట్ల అందరి తలుపులు కొట్టినం. పక్క బిల్డింగుకు ఫోన్లు చేసినం. కని ఎనక ఖాళీ ప్లాటుల రేకుల రూము ఉండె. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రి, అతని భార్య, ఇద్దరు పిల్లలు. కూలి పని చేసుకొని జల్ది పండుకునేటోళ్లు. వాళ్లు మాకు యాదికి రాలే. పొద్దుగాల నీళ్లు కొంచెం గుంజినంక చూస్తే, రేకుల మీద నలుగురు ఒక్క టార్పాలిన్ కప్పుకొని కూసున్నరు. రాత్రంత ఆ వానల! నీళ్లు పండుకున్న సాప కిందికి వచ్చినంక మెలకువ వచ్చిందట. పానాలు దక్కినయి, దేవుని దయ. పెద్దపిల్ల పదో తరగతి మెమో తడిసి ముద్దయింది. ఆ పిల్ల దాన్ని అరచేతుల పెట్టుకొని ఊదుకుంట ఆరబెడ్తుంది. అక్షరాలు కరిగి నీలంగ పారినయి. నా వాకిలి నుంచి ఆ రూముకు ఇరవై అడుగులు. మా నాయిన అయితే ఆ తలుపు ఇడిసిపెట్టేటోడా? నేను నీరటి కొడుకును, నేను ఇడిసిపెట్టిన.

ఆ దినం నుంచి అనుకున్న, ప్రతి గల్లీకి ఒక నీరటి ఉండాలె. చెరువు కాడ మా నాయిన పోస్టు పోయింది, కని ఆ పని పోలేదు. అది ఇప్పుడు మన మీద పడ్డది. మీరు చదువుకున్నోళ్లు, చేతిల ఫోన్లు ఉన్నయి. నీరటి పని ఏందో చెప్త, ఒక్కొక్కటి పట్టుకోండ్రి.

వాతావరణ శాఖ రంగులు చెప్తది. ఎల్లో అంటే కనిపెట్టుకొని ఉండు, ఆరెంజ్ అంటే తయారుగుండు, రెడ్ అంటే ఇగ కదులు. రెడ్ అన్న దినం 20 సెంటీమీటర్లు దాటొచ్చన్నట్టు, ఆ ట్యాంకర్ల లెక్క యాది చేసుకోండ్రి. ఆరెంజ్ అన్ననాడే ఫోన్లు, టార్చిలైట్లు ఛార్జింగ్ పెట్టుండ్రి, బండ్లు సెల్లార్లకెల్లి తీసి ఎత్తు మీద పెట్టుండ్రి. మన గల్లీల కింది పోర్షన్లల్ల ఎవరున్నరు, మంచంల ఉన్న ముసలోళ్లు ఎవరు, బాలింతలు ఎవరు, రేకుల రూములల్ల ఎవరున్నరు, ఒక కాయిదం మీద రాసిపెట్టుండ్రి. ముందుగాల వాళ్ల తలుపులే కొట్టాలె.

పారే నీళ్లల్ల కాలు పెట్టొద్దు. మోకాలి లోతు పారే నీళ్లు పహిల్వాన్‌ను గూడ పడగొడ్తయి. అడుగు లోతు ఉరవడికి చిన్న కారు తేలుతది, రెండడుగులైతే పెద్ద బండి గూడ పోతది. ఆ 2020లనే, పెద్ద వరదకు నెల ముందుగాల, సెప్టెంబర్‌ల మన సరూర్‌నగర్ చెరువు కాడనే స్కూటర్ మీద పోయేటాయన వరదల కొట్టుకపోయిండు. రోజు పోయే తొవ్వనే గద అని పోతరు. నీళ్ల కింద ఆ తొవ్వ ఉన్నదో, మూత లేని మ్యాన్‌హోల్ ఉన్నదో ఎవరికెరుక? ఆఫీసు నుంచి వస్తుంటే వాన దొరకబడ్తే మెట్రో స్టేషన్లనో, ఎత్తు మీది దుకాణంలనో ఆగుండ్రి. రాత్రి అయినా ఆగుండ్రి, ఇంటికి ఫోన్ చేసి చెప్పుండ్రి. మీరు ఆలస్యంగ వస్తే మీ అమ్మ కోపానికొస్తది. మీరు రాకపోతే ఆ తల్లి బతుకుతదా?

కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోవద్దు, తీగ తెగి నీళ్లల్ల పడ్తే 1912కు చెప్పుండ్రి. పానాల మీదికొస్తే 112, దవాఖానకు 108. నీళ్లు గుంజినంక సంపు కడిగి బ్లీచింగ్ ఏసినంకనే వాడుకోండ్రి, నీళ్లు కాగబెట్టి తాగుండ్రి. మూలకున్న సామాను చేత్తోటి తియ్యొద్దు, కట్టెతోటి కదిలియ్యాలె, పాములు, తేళ్లు మెట్ల కిందికి చేరి ఉంటయి. ఎలక్ట్రీషియన్ చూసి మంచిదన్నంకనే స్విచ్చు ఎయ్యాలె.

పెద్దగై ప్లాటు కొనుక్కునేటప్పుడు ఒక పని చెయ్యుండ్రి. కాయిదాలు ఎట్లనూ చూస్తరు, చెరువు నిండితే నీళ్లు యాడి దాక వస్తయో చూపే ఎఫ్‌టీఎల్ పటం గూడ చూస్తరు. అవి చూసినంక ఆ ఊరి పాత మనిషిని పట్టుకొని, "తాతా, ఈ చెరువు మత్తడి దుంకితే నీళ్లు ఎటు పోయేవి?" అని అడుగుండ్రి. వేలు పెట్టి చూపిస్తడు. ఆ వేలు చూపిన దిక్కు ఇల్లు కట్టొద్దు.

ఆ మేస్త్రి కుటుంబం ఇప్పుడు లేరు. ఇంకో జాగల పని దొరికి పోయిండ్రు. పోయేముందు ఆ పిల్లను ఎంబడి పెట్టుకొని బడికి పోయి, మెమో నకలు తెప్పిచ్చిచ్చిన. ఆ రూముల ఇప్పుడు ఒడిశా పిల్లలు నలుగురు ఉంటున్నరు, టైల్స్ పని చేస్తరు. తెలుగు సరిగ రాదు. అదిగో, దీపం ఎలుగుతుంది చూడు. చిన్నోడా, రేపు పొద్దుగాల నా ఎంబడి రా, పోయి వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకొద్దాం. సుద్దముక్క ఇగ నీ జేబుల పెట్టుకో. నా మోకాళ్లు మెట్లు దిగనిస్తలేవు.

మంట ఆరవట్టింది. దాని మీద ఇన్ని నీళ్లు చల్లుండ్రి, నిప్పు ఉంచి పోవద్దు. ఇండ్లకు పోయేటప్పుడు ఆ మూలమీది మోరీ జాలి కాడ కవర్లు, ఆకులు అడ్డం పడి ఉన్నయి, తలా ఒక చెయ్యేసి తీసెయ్యుండ్రి. ఆకాశంల మబ్బు తునక గూడ లేదు. అందుకే ఇయ్యాల తియ్యాలె.